పసికట్టు

పసికట్టు మొదటిసారి పసుపు దీపం వెలిగించిన రోజున రెండో వార్డులో ఎవరూ దాన్ని నమ్మలేదు. పదమూడో మంచం మీద పిల్లవాడు బిస్కెట్టు తింటూ కూర్చున్నాడు. రెండేళ్ళవాడు. నెమ్ము చేసి ఆసుపత్రిలో చేరాడు, మర్నాడు ఇంటికి పంపేద్దామనుకుంటున్నారు. జ్వరం లేదు, ఊపిరి బాగానే ఆడుతోంది. పక్కన వాళ్ళమ్మ ఏదో కబుర్లు చెబుతోంది. హెడ్ నర్సు ఎలీషమ్మ వాడి నాడి పట్టుకుని చూసి, గోడకున్న దీపం వైపు తిరిగి, "నీకేమొచ్చిందే?" అని దాన్నే అడిగింది.

అయినా నియమం నియమమే. పసుపు వెలిగితే ఎక్స్‌రే తీయాలి, రక్తం పరీక్షించాలి. తీస్తే, కుడి ఊపిరితిత్తి చుట్టూ చీము పడుతోంది. వెంటనే గొట్టం వేసి తీసేశారు. ఏడు గంటలు ఆలస్యమైతే పిల్లవాడు దక్కేవాడు కాదని పిల్లల డాక్టరు రంగధామ్ స్వయంగా ఫోన్ చేసి చెప్పాడు.

ఆ ఫోన్ అందుకున్నది చింతాడ మృదుల. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఓ ప్రయోగశాలలో ఇంజనీరు. పసికట్టు ఆమె తయారుచేసిన యంత్రం. పసిపిల్లల జబ్బును పసికట్టేది కాబట్టి ఆ పేరు కూడా ఆమే పెట్టింది. కబురు వినగానే ప్రయోగశాల మెట్ల మీదే కూలబడి, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఏడ్చింది.

చూడటానికి ఆ యంత్రంలో ఏమీ లేదు. పక్కదుప్పటి కింద పలచటి చాప ఒకటి, అది గుండె కొట్టుకోవడం లెక్కపెడుతుంది. ఛాతీ మీద బొత్తామంత పట్టీ, అది ఒంటి వేడిని చూస్తుంది. మంచం తలవైపు గోడకు తెల్లటి బిళ్ళ, అది ఊపిరి చప్పుడూ, దగ్గూ, మూలుగూ వినడానికి. బిళ్ళ అంచునే దీపం. ఆకుపచ్చ అయితే భయం లేదు. పసుపు అయితే ఆరేడు గంటల్లో బిడ్డ పరిస్థితి దిగజారబోతోందని అర్థం. ఎరుపు అయితే దిగజారిపోతోందని; గుండె లెక్క బాగా తప్పితే ఎరుపు దానంతటదే వెలుగుతుంది.

ఏ గుర్తు చూసి పసుపు వెలిగించాలో మాత్రం దానికి ఎవరూ నేర్పలేదు. నలభై మంచాల దగ్గర రెండేళ్ళపాటు అన్నీ రికార్డు చేసి, ఏ బిడ్డకు ఏ గంటలో ప్రాణం మీదికొచ్చిందో చెప్పి, ముందుగా తెలిపే గుర్తు నువ్వే వెతుక్కోమని వదిలేశారు. అది వెతుక్కుంది. నూటికి తొంభై ఒక్కసార్లు సరిగ్గా చెప్పింది. ఏం చూసి చెబుతోందని అడిగితే మృదుల, "మన కంటికి ఆననిది ఏదో దానికి ఆనుతోంది," అనేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కొంచెం గర్వం కూడా ఉండేది.

రికార్డయిన చప్పుళ్ళను మనుషులెవరూ వినకూడదని మొదట్లోనే ఒక షరతు ఉంది. మంచాల దగ్గర జనం సొంత విషయాలు మాట్లాడుకుంటారు కదా. అందుకని ఆ శబ్దాలు యంత్రం లోపలికి వెళ్ళేవి, అంకెలై బయటికి వచ్చేవి. రెండేళ్ళలో వాటిని ఒక్కరూ చెవితో వినలేదు.

పసికట్టు వచ్చిన ఎనిమిది నెలల్లో ఆ వార్డులో పంతొమ్మిదిమంది పిల్లలు గండం గట్టెక్కారు. ఆ తర్వాత రంగధామ్ ఒక నిర్ణయం తీసుకున్నాడు. అతను తొందరపడే మనిషి కాదు. అంతకుముందు ఏడాది ఎవరో బంధువు తెచ్చిన తట్టు వార్డంతా అంటుకుని ఆరుగురు పిల్లల్ని తీసుకుపోయింది. అది అతని మనసులోంచి పోలేదు.

"ఒక్కో మంచానికి ఇద్దరేసి, ముగ్గురేసి పెద్దవాళ్ళు. వాళ్ళ దగ్గులు, వాళ్ళ చేతులు, వాళ్ళ అన్నం కేరేజీలు. ఇదివరకు తల్లి కనిపెట్టుకుని ఉండాలి కాబట్టి ఉండనిచ్చాం. ఇప్పుడు కనిపెట్టుకోవడానికి పసికట్టు ఉంది. చంటిపిల్లల తల్లులు పాలివ్వడానికి వచ్చి వెళ్తారు. మిగతావాళ్ళు పదకొండుకు అరగంట, సాయంత్రం ఐదుకు అరగంట చూసి వెళ్తే చాలు," అన్నాడు.

ఎలీషమ్మకు ఇది నచ్చలేదు. ఇరవయ్యారేళ్ళుగా ఆ వార్డులోనే ఉన్న మనిషి. "పిల్లలు బెంగ పెట్టుకుంటారండీ డాక్టరుగారూ," అంది.

"బెంగతో ఎవరూ చచ్చిపోరు సిస్టర్, తట్టుతో పోతారు," అన్నాడతను.

పక్కన మనిషి లేకపోయినా పసికట్టు పనిచేస్తుందా అని రంగధామ్ లిఖితపూర్వకంగా అడిగాడు. పనిచేస్తుందని మృదుల రాసి సంతకం పెట్టింది. గుండె పిల్లదే, ఊపిరి పిల్లదే, పక్కన ఎవరుంటే దానికేం? ఆమెకు రెండో ఆలోచన రాలేదు. పచ్చదీపం ఉన్న మంచాల దగ్గర నాడీ, రక్తపోటూ నాలుగు గంటలకోసారి చూస్తే సరిపోతుందని ఇంకో కాగితం వచ్చింది. దాని మీదా ఆమె సంతకం ఉంది.

ఆ నెలలో పసుపు దీపాలు సగానికి సగం తగ్గిపోయాయి. వార్డు శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది. పిల్లలకు అంటురోగాలు తగ్గాయి కాబట్టే దీపాలూ తగ్గాయని అందరూ అనుకున్నారు. రంగధామ్ మాడుగుల హల్వా తెప్పించి పంచిపెట్టాడు. మృదుల ఒక ముక్క కూతురు ఇందుజ కోసం కాగితంలో చుట్టి ఇంటికి పట్టుకెళ్ళింది.

రెండో నెలలో పది నెలల పాప ఒకతె పోయింది. చనుబాలు తాగే బిడ్డ కాదు, డబ్బాపాల బిడ్డ. పచ్చదీపం పచ్చగానే ఉండి, ఉన్నట్టుండి ఎరుపుకు మారింది. నెత్తురులో విషం చేరిందని, కొన్ని జబ్బులు ముందు చెప్పి రావని పెద్ద డాక్టర్లు రాశారు. నూటికి తొమ్మిదిసార్లు తప్పే యంత్రమే కదా. ఇది ఆ తొమ్మిదిలో ఒకటి అనుకుంది మృదుల. అనుకున్నందుకు బాధపడింది కానీ, అలాగే అనుకుంది.

దేవిక వచ్చింది ఆ తర్వాత పన్నెండు రోజులకు.

ఆరేళ్ళ పిల్ల. డెంగీ. తల్లి నూకరత్నం చేపలరేవులో ఎండుచేపలు ఆరబెట్టే పని చేస్తుంది. తండ్రి వేట బోటు మీద సముద్రంలో ఉన్నాడు. చేరిన మూడో రోజు, మంగళవారం, పిల్లకు జ్వరం దిగిపోయింది. అదే రోజున పసికట్టును తమ ఊళ్ళలో కూడా పెట్టించుకోవాలని తొమ్మిది ఆసుపత్రుల డాక్టర్లు చూడటానికి వచ్చారు. వాళ్ళకు వార్డు చూపించడానికి మృదుల వచ్చింది.

సరిగ్గా పదకొండుకు తలుపులు తీశారు. తల్లులంతా లోపలికి వచ్చారు. మృదుల వచ్చినవాళ్ళకు చాప గురించి, పట్టీ గురించి చెబుతూ ఇరవయ్యో మంచం దాటుతుంటే, ఆ మంచం తలవైపు దీపం పసుపుకు మారింది.

"అదిగో," అన్నాడు వచ్చినవాళ్ళలో ఒకాయన, ఆసక్తిగా.

ఎలీషమ్మ వచ్చి దేవిక రక్తపోటు చూసింది. కొంచెం అటూ ఇటూగా ఉంది కానీ భయపడేంత కాదు. చేతులు కాస్త చల్లగా తగిలాయి, పైన ఏసీ ఉంది. డ్యూటీ డాక్టరుకు కబురు పెట్టింది. అంతలో నూకరత్నం మృదుల ఎదురుగా వచ్చి నిలబడింది. మెడలో గుర్తింపు కార్డు చూసి ఈవిడే పెద్ద డాక్టరనుకుంది కాబోలు.

"మేడమ్మా, పిల్ల తేడాగున్నాదమ్మా."

"జ్వరం తగ్గిందిగా అమ్మా."

"తగ్గినాది. అయినా అది బాగోనేదు. పిలిస్తే పలకతన్నాది గానీ, దూరాన ఉండి పలికినట్టున్నాది. నాకు బయమేస్తన్నాది."

"చూడండి, ఆ దీపం పసుపు అయింది కదా? అది అన్నీ కనిపెడుతుంది. సిస్టర్ చూస్తున్నారు, డాక్టరుగారు వస్తున్నారు. మీరు కంగారు పడొద్దు."

పదకొండున్నరకు గంట కొట్టారు. తల్లులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నూకరత్నం వెళ్ళలేదు. మంచం ఊచ పట్టుకుని నిలబడింది. ఎలీషమ్మ మొహమాటపడుతోంది. తొమ్మిదిమంది డాక్టర్లు చూస్తున్నారు. మృదులే దగ్గరికి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా నచ్చజెప్పి తలుపు దాకా తీసుకెళ్ళింది.

ఆమె వెళ్ళిన పది నిమిషాలకు ఇరవయ్యో మంచం దీపం మళ్ళీ పచ్చగా మారింది.

డ్యూటీ డాక్టరు అప్పుడే వార్డు గుమ్మంలోకి వచ్చాడు. దీపం చూశాడు, చార్టు చూశాడు, పక్క వార్డులో ఫిట్స్ వచ్చిన పిల్లవాడి కోసం పరుగెత్తాడు. మృదులకు ఎంత సంతోషమనిపించిందంటే, పనిగట్టుకుని వరండాలోకి వెళ్ళి నేల మీద కూర్చున్న నూకరత్నాన్ని వెతికి పట్టుకుంది. "పచ్చ వచ్చేసిందమ్మా. ఇక భయం లేదు. మన కళ్ళకన్నా దానికి బాగా తెలుసు. వెళ్ళి ఏమైనా తినండి."

నూకరత్నం ఆమె మొహంలోకి చూసింది. "నిజవేనా అమ్మా?"

"నిజమే."

నాలుగు గంటలకు పది నిమిషాల ముందు పసికట్టు ఎరుపుకు మారింది. ఎలీషమ్మ వెళ్ళేసరికి పిల్ల చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి, నాడి దొరకలేదు. రక్తనాళాల్లోంచి నీరంతా కారిపోయి గుండెకు తోడుకోవడానికి రక్తం లేదు. డెంగీలో జ్వరం దిగాక వచ్చే ప్రమాదం ఇదే. ఉదయమే గమనించి సెలైన్ సరిగ్గా ఎక్కించి ఉంటే చాలామంది బతుకుతారు. దేవిక మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకు చనిపోయింది.

ఫోన్ వచ్చేటప్పటికి మృదుల కార్యాలయంలో తొమ్మిది ఆసుపత్రులకు పంపాల్సిన కాగితాలు సరిచూస్తోంది. "ఏ పిల్ల?" అని రెండుసార్లు అడిగింది. రెండోసారి చెప్పాక కూడా ఆమెకు ఆ మాట లోపలికి వెళ్ళలేదు. పచ్చ వచ్చేసిందని తన నోటితో తాను చెప్పింది. తన చేత్తో తలుపు దాకా నడిపించింది.

మొదట ఆమె యంత్రంలో ఏదో చెడిపోయి ఉంటుందనుకుంది. నిజం చెప్పాలంటే, చెడిపోయి ఉండాలని కోరుకుంది. ఇరవయ్యో మంచం చాపను విప్పించింది, పట్టీని విప్పించింది, గోడ బిళ్ళను విప్పించింది. ఏదీ చెడిపోలేదు. అప్పుడు పసికట్టు ఇంద్రియాల్ని ఒక్కొక్కటే మూసి, రెండేళ్ళ పాత రికార్డుల మీద మళ్ళీ పరీక్ష పెట్టింది. గుండె చాప తీసేసి చూస్తే నూటికి తొంభై ఒకటి కాస్తా ఎనభై తొమ్మిది అయింది. పట్టీ కూడా తీసేస్తే ఎనభై ఎనిమిది. ఆ రెండూ తిరిగి పెట్టి, వినే బిళ్ళను మూసేసింది.

నలభై మూడు.

కళ్ళు మూసుకుని చెప్పినా అంతే వస్తుంది. అంటే పసికట్టు గుండెనూ చూడటం లేదు, వేడినీ చూడటం లేదు. వింటోంది. అంతే. ఊపిరి చప్పుడులో ఏదో సూక్ష్మమైన తేడా పడుతోందేమో అనుకుంది మృదుల. కానీ దేవిక ఊపిరి ఆ మధ్యాహ్నమంతా ఆ బిళ్ళకు మూరెడు దూరంలోనే ఉంది. మరి ఎందుకు వినలేదు?

ఇరవయ్యో మంచం ప్రమాదాన్ని పసికట్టు ఆ రోజు అంచనా వేసిన గీతను ఆమె తెర మీద పరిచింది. పదకొండు దాకా నేలబారుగా ఉంది. పదకొండు దాటిన రెండు నిమిషాలకు లేచింది. లేచి, ఇంకా లేచి, పసుపు గీటు దాటింది. పదకొండున్నర దాటాక కొండ అంచు మీంచి పడ్డట్టు పడిపోయింది.

తర్వాత పది నెలల పాప గీతను తెర మీదికి తెచ్చింది. పదకొండుకు లేచింది, పదకొండున్నరకు పడింది. ఐదుకు లేచింది, ఐదున్నరకు పడింది. తలుపులు మూసిన నాటి నుంచీ నలభై మంచాల గీతలూ ఒకదాని కింద ఒకటి పేర్చింది. చంటిపిల్లల మంచాలు తల్లులు పాలివ్వడానికి వచ్చినప్పుడల్లా కదిలాయి. మిగతావన్నీ రోజుకు రెండుసార్లే కదిలాయి. ఇరవై మూడు గంటలు ఆ పిల్లల గురించి పసికట్టుకు ఏమీ తెలియదు. తెలియనప్పుడు దాని దీపం పచ్చగా ఉంటుంది.

పసుపు దీపాలు తగ్గాయని హల్వా తిన్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది.

అయినా ఒక ముడి విడలేదు. ఆ అరగంటల్లో అది ఏం వింటోంది? జనం సందడినా? సందడైతే అన్ని మంచాలూ ఒకేలా లేవాలి. లేవలేదు. కొన్ని గోరంత లేచాయి, కొన్ని కొండంత లేచాయి.

మర్నాడు ఉదయం ఇంట్లో ఇడ్లీలు పళ్ళెంలో పెట్టి కూతుర్ని పిలిచింది. ఇందుజకు తొమ్మిదేళ్ళు. స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని పాడుకుంటోంది, బదులు పలకలేదు. మృదుల మళ్ళీ పిలిచింది. మళ్ళీ పిలిచింది. పిల్ల తలకు తుండు చుట్టుకుని కంగారుగా బయటికి వచ్చింది.

"ఏమైందమ్మా?"

"ఏం కాలేదు. టిఫిను చల్లారిపోతోందని పిలిచాను."

"టిఫినుకి నువ్వు అలా పిలవవు. నాకేదో అయిపోయినట్టు పిలిచావు."

"ఎలా పిలిచానే? ఇందూ అనేగా?"

"అవును, ఇందూ అనే. కానీ ఇందూ అని ఆగావు. మళ్ళీ ఇందూ అని, ఇంకా ఎక్కువసేపు ఆగావు. నేను ఉన్నానో లేనో చెవి పెట్టి వింటున్నట్టు."

మృదుల చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "పద, స్కూలుకి దించేస్తాను," అంది కానీ ఏ దారిన వెళ్ళిందో, ఏ గేటు దగ్గర దించిందో ఆమెకు తెలియలేదు.

ప్రయోగశాలలో శబ్దాన్ని వినకుండానే విడదీసే వీలుంది. పిల్లల చప్పుళ్ళు ఒక పక్కకు, పెద్దవాళ్ళ గొంతులు ఇంకో పక్కకు. ముందు పిల్లల చప్పుళ్ళన్నీ తీసేసింది. ఊపిరి, దగ్గు, ఏడుపు, మూలుగు, అన్నీ. ఒక్క పిల్ల చప్పుడు కూడా వినకుండా, పసికట్టు నూటికి ఎనభై ఎనిమిదిమంది గురించి సరిగ్గా చెప్పింది. తర్వాత పిల్లల చప్పుళ్ళు తిరిగి పెట్టి, పెద్దవాళ్ళ గొంతులు తీసేసింది.

నలభై నాలుగు.

ఆమె తెర మీది అంకె వైపు చూస్తూ ఉండిపోయింది. బిడ్డ ప్రాణం వినమని రెండేళ్ళు నేర్పిస్తే, యంత్రం తల్లి గొంతు వినడం నేర్చుకుంది. పేరు పెట్టి ఎన్నిసార్లు పిలుస్తోంది, పిలిచాక ఎంతసేపు ఆగుతోంది, కబుర్లు ఎప్పుడు తగ్గిపోతున్నాయి, అదే దాని లెక్క. డాక్టరుకన్నా, గుండె చాపకన్నా ఏడు గంటలు ముందుగా ప్రమాదం తెలుస్తున్నది తల్లులకు. తెలుస్తోందని వాళ్ళకే తెలియకపోవచ్చు, గొంతులో మాత్రం పలికేస్తోంది. పసికట్టు ఆ గొంతును పట్టుకుంది. అంత గొప్ప గుర్తు దొరికాక గుండెనూ వేడినీ పక్కన పెట్టేసింది.

ఆ గొంతును తలుపు బయట పెట్టినది తాము.

అరగంటలో ఆమె రంగధామ్ గదిలో ఉంది. ఎలీషమ్మ కూడా అక్కడే ఉంది, రోజువారీ చార్టులు ఇవ్వడానికి వచ్చి. మృదుల గీతలు పరిచి చెప్పుకుపోయింది. చెప్పడం పూర్తయ్యేదాకా అతను అడ్డు రాలేదు. తర్వాత కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అంటే మనం తల్లుల మాటకు దీపం పెట్టి, తల్లుల్ని వెళ్ళగొట్టామా?"

"అవునండీ."

"పది నెలల పాప?"

"ఆ రోజు ఐదు గంటలప్పుడు గీత పసుపుకు వెంట్రుకవాసి దూరం దాకా వచ్చింది. ఐదున్నరకు వాళ్ళమ్మ వెళ్ళిపోయింది."

రంగధామ్ రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి, తనకు తాను చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "కమిటీని పిలవాలి. నివేదిక రాయాలి. ఇంకోసారి పరీక్షించి చూసుకుని... ఇలాంటిది బయటికి చెప్పేముందు..."

ఎలీషమ్మ చార్టులు బల్ల మీద పెట్టేసి బయటికి నడిచింది. వరండా చివర కాపలావాడితో ఆమె అంటున్న మాటలు గదిలోకి వినిపించాయి. "తలుపులు తియ్యి బాబూ. టైము కాకపోతే ఏమైంది, తియ్యమంటున్నాను కదా. అమ్మా, మీరంతా లోపలికి రండి. చేతులు సబ్బుతో కడుక్కుని రండి. దగ్గున్నవాళ్ళు మూతికి గుడ్డ కట్టుకోండి. రండమ్మా, ఎవరి బిడ్డ దగ్గర వాళ్ళు కూర్చోండి."

రంగధామ్ తల ఎత్తి ఆ గొంతు విన్నాడు. ఆపమని అనలేదు. లేచి, తలుపు దాకా వెళ్ళి, వార్డులోకి పరుగుపరుగున పోతున్న ఆడవాళ్ళను చూస్తూ నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నం రెండింటికి ఆరో మంచం దీపం పసుపుకు మారింది. నాలుగేళ్ళ పిల్లవాడు. ఈసారి దీపం మారకముందే ఎలీషమ్మ వాళ్ళమ్మను అడిగింది, ఏమనిపిస్తోందమ్మా అని. వాడు బతికాడు.

పసికట్టును పెట్టించుకోవద్దని తొమ్మిది ఆసుపత్రులకు మృదుల తానే ఫోన్లు చేసింది. తన సంతకాలున్న రెండు కాగితాల నకళ్ళు జతచేసి, జరిగినదంతా రాసి కమిటీకి ఇచ్చింది. విచారణ పూర్తయ్యేదాకా చనిపోయిన పిల్లల కుటుంబాలతో మాట్లాడవద్దని ప్రయోగశాల లాయరు గట్టిగా చెప్పాడు. రాతపూర్వకంగా కూడా చెప్పాడు. ఆమె ఆ కాగితం చదివి సొరుగులో పెట్టింది.

నూకరత్నం ఇల్లు చేపలరేవు వెనక, ఇరుకు సందులో. ఆదివారం పదిగంటల వేళ మృదుల వెళ్ళేసరికి ఆమె గుమ్మం ముందు పీట మీద కూర్చుని ఉంది. చేతుల్లో పనేమీ లేదు. మృదులను గుర్తుపట్టింది. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. పక్కనున్న ఇంకో పీటను కాలితో కాస్త ముందుకు జరిపింది.

మృదుల చెప్పడం మొదలుపెట్టింది. సుళువైన మాటల్లో చెప్పాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. అయినా తడబడింది. యంత్రం పిల్లను చూడటం లేదని, తల్లి గొంతు వింటోందని, తల్లిని పంపేశాక దానికి ఏమీ తెలియలేదని, అది తెలియక పచ్చదీపాన్ని నమ్మమని తాను చెప్పానని. "తప్పు నాది," అంది. ఆ రెండు మాటలూ మాత్రం తడబడకుండా వచ్చాయి.

నూకరత్నం తల పక్కకు తిప్పింది. సందు చివర ఎవరో వలలు దులుపుతున్నారు.

"నా మాటలు అందులో ఉన్నాయా?"

"ఉన్నాయమ్మా. మీ అనుమతి లేకుండా ఎవరూ వినకూడదు. నేను కూడా వినలేదు."

"మా దేవి మాట?"

"అదీ ఉంటుంది."

"పెట్టు."

మృదుల సంచిలోంచి చిన్న పెట్టె తీసి పీటల మధ్య నేల మీద పెట్టింది. ముందు వార్డు గోల వినిపించింది, స్టూలు జరిపిన చప్పుడు. తర్వాత నూకరత్నం గొంతు, దగ్గరగా.

*దేవీ. ఓలమ్మీ దేవీ.*

*ఊఁ.*

*జొరం తగ్గిపోనాదటే. రేపో ఎల్లుండో మనింటికెలిపోదాం. అయ్య బోటు కూడా వచ్చెత్తాది. దేవీ?*

*ఊఁ.*

*ఏటే అలగున్నావు? ఇటు సూడు. దేవీ.*

ఈసారి జవాబుకు కొంచెం సమయం పట్టింది. *ఊఁ.*

*కడుపులో నొప్పా? దేవీ. దేవీ. ఓలమ్మా, పలకవే.*

నూకరత్నం మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగింది. పిల్ల 'ఊఁ' అన్నప్పుడల్లా ఆమె పెదవులు కదులుతున్నాయి. పిలుపులు దగ్గరపడుతున్నాయి. పిలుపుకూ 'ఊఁ' అనడానికీ మధ్య నిశ్శబ్దం పెరుగుతోంది. ఇంతకాలం తెర మీద గీతగా చూసినది ఇదేనని మృదులకు అర్థమైంది. ఇందులో యంత్రానికి మాత్రమే తెలిసే రహస్యమేదీ లేదు. దారిన పోయేవాళ్ళు విన్నా, ఆ బిడ్డకు ఏదో అవుతోందని చెప్పేస్తారు.

గంట మోగింది. తర్వాత ఇంకో గొంతు. మృదుల ఉలిక్కిపడింది. తన గొంతే.

*టైమ్ అయిపోయిందమ్మా. మీరు బయటికి వెళ్ళాలి.*

*ఒక్క గంట కూకుంటాను మేడమ్మా. నానేటీ ముట్టుకోను. ఇదిగో, ఈ మూల నిలబడతాను.*

*అందరికీ ఒకటే రూలు కదా. ఇక్కడ మీకన్నా జాగ్రత్తగా చూసుకునేది ఉంది. రండి. రండమ్మా.*

ఎంత మర్యాదగా ఉంది ఆ గొంతు. ఎంత చల్లగా, నవ్వుతూ. రెండు జతల అడుగులు దూరమైపోయాయి. వార్డు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో, ఎవరూ పిలవకుండానే, ఒక్కసారి, చిన్నగా,

*అమ్మా.*

మృదుల చెయ్యి చాచి పెట్టెను ఆపింది. ఆపిన తర్వాత ఆ చేతిని వెనక్కి తీసుకోలేకపోయింది.

నూకరత్నం ఏడవలేదు. పెట్టె వైపు, తర్వాత మృదుల వైపు చూసింది. ఆమె గొంతులో కోపం లేదు. అర్థం కానిది అడిగి తెలుసుకుంటున్నట్టే అడిగింది.

"ఆ మిసను ఇన్నాదన్నారు కదమ్మా నా మాట?"

"విన్నదమ్మా."

"పక్కనే ఉన్నారు గదా మేడమ్మా. మీకెందుకు ఇనపడనేదు?"